పెట్ డాగ్ ఫుడ్: ఆదివారం చికెన్ కర్రీ కుక్కకూ పెడుతున్నారా? ఈ తప్పు చేయొద్దు!

ఆదివారం వచ్చిందంటే ఉప్పల్, నాచారంలో చికెన్ షాపుల ముందు జనం క్యూ కడతారు. ఇంట్లో కుక్క ఉంటే దానికీ కాస్త కర్రీ అన్నం, నాలుగు బొక్కలు పడాల్సిందే. కానీ ప్రేమతో పెట్టే ఈ తిండే దాని ప్రాణం మీదకు తేవచ్చు. ఎందుకంటే..

కర్రీలోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినా, వేయించినా ఆ విష ప్రభావం పోదు. పైగా వెంటనే తెలియదు. కొన్ని రోజుల తర్వాత నీరసం, పాలిపోయిన చిగుళ్లు, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి. ఇక ఉడికిన బొక్కలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

మరి ఏం పెట్టాలి? కూర వండే ముందే కొన్ని బోన్‌లెస్ ముక్కలు పక్కకు తీయండి. ఉప్పు, కారం, నూనె లేకుండా ఉత్త నీళ్లలో ఉడికించండి. మెత్తటి అన్నం, ఉడికించిన క్యారెట్ లేదా గుమ్మడికాయ కలిపి, చల్లారాక పెట్టండి.

ఎంత పెట్టాలి? రోజువారీ కేలరీల్లో 10 శాతం దాటొద్దు. రోజుకు 600 కేలరీలు కావాల్సిన కుక్కకు 60 మాత్రమే. చికెన్ ఒక్కటే పెడితే దాదాపు 35 గ్రాములు. మిగతాది రోజూ తినే డాగ్ ఫుడ్డే. చికెన్, అన్నంతోనే సరిపెడితే కాల్షియం అందదు.

పొరపాటున ఉల్లి తినేస్తే లక్షణాలు కనిపించే దాకా ఆగొద్దు. వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.