కంప్యూటరు చల్లదనం, ఇంటి నిశ్శబ్దం: రేడియేటరు ఫానును ఎంచుకొనడం ఎలా?

మనవారిలో చాలామందిని ఆర్కన్సా రాష్ట్రపు ఈ వాయవ్య మూలకు రప్పించినది బెంటన్‌విల్‌లోని వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయమూ, దానిని అల్లుకొని పెరిగిన కంప్యూటరు ఉద్యోగాలూను. కనుక మన ఇళ్ళలో కంప్యూటరుకు ఒక గది, గది లేకుంటే ఒక మూల తప్పక ఉంటుంది. శీతాకాలంలో ఇక్కడ రాత్రి తొమ్మిది గంటలైతే హైదరాబాదులో మర్నాటి ఉదయం ఎనిమిదిన్నర. అక్కడివారు పనిలోకి దిగే వేళకు ఇక్కడ పిల్లలు నిద్రకు ఉపక్రమిస్తారు. స్వదేశం నుండి ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో కంప్యూటరు ఉన్న గదే పడకగది అవుతుంది. అప్పుడు ఆ పెట్టెలోని ఫాను చేసే రొద చిన్న విషయం కాదు. పడకగదిలో ఎడతెగక వినిపించే ధ్వని 30 డెసిబెల్‌లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. ఆ హద్దు దాటకుండా యంత్రాన్ని చల్లబరచడం సాధ్యమా? సాధ్యమే. అందుకు ఖర్చుకన్నా కొంచెం భౌతికశాస్త్రం అవసరం.

ముందుగా వేడి సంగతి. 1993లో వచ్చిన తొలి పెంటియం ప్రాసెసరు సుమారు 15 వాట్ల విద్యుత్తుతో సరిపెట్టుకునేది. నేటి మేటి ప్రాసెసర్లు పూర్తి బరువు మీద 250 వాట్ల దాకా తీసుకుంటాయి. తీసుకున్నదంతా చివరకు వేడిగానే బయటపడుతుంది. అరచేయంత కూడా లేని జాగాలో పుట్టే ఆ వేడిని తరలించడానికే పంపు, గొట్టాలు, రేడియేటరు వచ్చాయి. ఒకే ఘనపరిమాణం తీసుకుంటే నీరు గాలికంటే మూడువేల రెట్లకు పైగా వేడిని ఇముడ్చుకోగలదు. అయితే నీరు ఇక్కడ బోయీ మాత్రమే. పల్లకీని రేడియేటరు దాకా మోసుకు వస్తుంది, అంతే. అక్కడినుండి వేడిని అందుకొని పోవలసినది గాలే. ఆ గాలిని నడిపించేది ఫాను.

ఎంత గాలి కావాలి? లెక్క కష్టమైనది కాదు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,300 అడుగుల ఎత్తున ఉంది. అందుచేత ఇక్కడి గాలి నూటికి నాలుగు పాళ్ళు పలచన. ఘనపు మీటరు గాలి సుమారు 1.15 కిలోగ్రాములు తూగుతుందనుకుందాం. రేడియేటరు గుండా పోయే గాలి 10 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కవచ్చుననుకుంటే, 250 వాట్లను తీసుకుపోవడానికి సెకనుకు 22 లీటర్ల గాలి చాలు. అంటే గంటకు 78 ఘనపు మీటర్లు. మూడు ఫానులు పట్టే 360 మిల్లీమీటర్ల రేడియేటరు అయితే ఒక్కొక్క ఫాను వంతుకు గంటకు 26 ఘనపు మీటర్లు వస్తాయి. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి.

ఇక అంగడిలో ఫాను పెట్టె మీద అచ్చువేసిన సంఖ్యలను చూద్దాం. ఆస్ట్రియా దేశపు నాక్టువా సంస్థవి, 120 మిల్లీమీటర్ల ఫానులు రెండింటిని ఉదాహరణగా తీసుకుంటాను. ఎన్ఎఫ్-ఎస్12ఎ అనే ఫాను గంటకు 107.5 ఘనపు మీటర్ల గాలి ఇస్తుందని, దాని పీడనం 1.19 మిల్లీమీటర్ల నీటిమట్టమని ఉంటుంది. ఎన్ఎఫ్-ఎఫ్12 అనే మరొకదానికి గాలి 93.4, పీడనం 2.61. గాలి ఎక్కువ ఇచ్చేదే మేలని తోచడం సహజం. రేడియేటరు విషయంలో ఆ ఊహ తలక్రిందులవుతుంది.

పల్లెలో కట్టెలపొయ్యి రాజేసే ఊదుగొట్టాన్ని స్మరించండి. నడవలో తిరిగే సీలింగు ఫాను దానికంటే ఎన్నో రెట్లు గాలిని కదిలిస్తుంది. అయినా బూడిద కప్పిన నిప్పును రాజేయవలసి వచ్చినపుడు ఊదుగొట్టమే అక్కరకు వస్తుంది. కంసాలి కొలిమి ముందు తిత్తి ఉంటుందే తప్ప విసనకర్ర ఉండదు. అడ్డు లేనిచోట గాలి పరిమాణం ప్రధానం. అడ్డు ఉన్నచోట దానిని త్రోసుకుపోయే పీడనం ప్రధానం. రేడియేటరులో పలుచని లోహపు రేకులు కొన్నింటిలో అంగుళానికి పదిపన్నెండు ఉంటాయి, మరికొన్నింటిలో ఇరవైకి పైగా ఉంటాయి. గాలికి అదొక జల్లెడ. ప్రయోగశాలలో మేము అవక్షేపాన్ని వడగట్టేటప్పుడు కూడా ఇదే న్యాయం: పొర మందమైన కొద్దీ క్రింది నుండి లాగే పంపు బలం పెరగాలి.

మరొక విశేషం గమనించండి. పెట్టె మీది గాలి సంఖ్య, ఎదుట ఏ అడ్డూ లేనప్పుడు కొలిచినది. పీడనం సంఖ్య, గాలి ద్వారం పూర్తిగా మూసివేసి కొలిచినది. తలుపు బార్లా తెరిచి ఒకటి, గడియ వేసి ఒకటి! ఈ రెండూ ఏకకాలంలో ఎన్నడూ లభించవు. నిజజీవితంలో ఫాను ఈ రెండు కొసలకు నడుమ ఎక్కడో నిలుస్తుంది. గాలి పెరిగిన కొద్దీ ఫాను పీడనం తగ్గుతుంది, రేడియేటరు నిరోధం పెరుగుతుంది. ఈ రెండు రేఖలూ కలిసే బిందువే అసలు ఫలితం. మనం పోల్చవలసినది కొసలను కాదు, ఆ నడిమి బిందువును. తయారీదారు పూర్తి రేఖాచిత్రం ఇచ్చి ఉంటే దానిని చూడండి. ఇవ్వకుంటే, ఇంచుమించు సమాన ధ్వని గల ఫానులలో అధిక పీడనం గలదానిని ఎంచుకొనడం క్షేమం.

పీడనం కావాలంటే వేగం పెంచాలి గదా, వేగం పెరిగితే రొద పెరగదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే మూడు సూత్రాలు అక్కరకు వస్తాయి. ఒకే ఫాను వేగాన్ని సగం చేస్తే గాలి సగమవుతుంది, పీడనం నాల్గవ వంతు అవుతుంది, త్రిప్పడానికి పట్టే శక్తి ఎనిమిదవ వంతుకు దిగుతుంది. ధ్వని సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుంది. ఒక ఫాను ప్రక్కన అలాంటివే మరి రెండు చేర్చితే పెరిగే ధ్వని మాత్రం 5 డెసిబెల్‌లు. కనుక ఒక ఫానును పరుగెత్తించడం కంటే మూడింటిని నడిపించడం మేలు. పెట్టెలో పట్టినంత పెద్ద రేడియేటరు కొనడమే నిశ్శబ్దానికి తొలిమెట్టు. మనకు కావలసినది ఫానుకు 26 ఘనపు మీటర్లే అన్నాం. పెట్టె మీది సంఖ్యలో అది దాదాపు నాల్గవ వంతు. రేకుల అడ్డు కొంత మింగివేసినా, మంచి ఫానును పూర్తివేగంతో త్రిప్పే అవసరం రాదు.

ఫాను నిర్మాణంలో రసాయనశాస్త్రానికీ పాత్ర ఉంది. రెక్కల కొసలకూ చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య ఉండే సందు గుండా గాలి వెనుకకు జారిపోతుంది. పీడనం అధికమైన కొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. సందు తగ్గిద్దామంటే, మామూలు ప్లాస్టిక్కు రెక్కలు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి, అపకేంద్ర బలానికి వెంట్రుకవాసి చొప్పున సాగుతాయి, చివరకు చట్రాన్ని రాసుకుంటాయి. 2018లో నాక్టువా విడుదల చేసిన ఎన్ఎఫ్-ఎ12x25 ఫానులో ఆ సందు అర మిల్లీమీటరు మాత్రమే. ద్రవస్ఫటిక పాలిమరుతో రెక్కలు పోతపోయడం వల్ల అది సాధ్యమైంది. ఈ జాతి పాలిమరులో కడ్డీల వంటి బిరుసైన అణువులు పోతపోసేటప్పుడు ఒకే దిశకు వరుస తీరుతాయి. అందుచేత సాగుడు చాలా స్వల్పం. నిమిషానికి 2,000 చుట్ల వద్ద ఆ ఫాను ధ్వని 22.6 డెసిబెల్‌లని, పీడనం 2.34 మిల్లీమీటర్లని తయారీదారు లెక్క. ఆ ధ్వని రేడియేటరు లేకుండా కొలిచినది. రేకుల ఎదుట బిగిస్తే సుడులు రేగి కొంత పెరుగుతుందని మరువరాదు.

ధ్వని పరిమాణమే కాక దాని గుణం కూడా ముఖ్యం. తొమ్మిది రెక్కల ఫాను నిమిషానికి 1,200 చుట్లు తిరిగితే సెకనుకు 180 మార్లు రెక్క ఒకటి రేకుల ముందునుండి పోతుంది. ఆ లయే ఒక గుంయిమనే శ్రుతిగా వినిపిస్తుంది. గాలి హోరుకు చెవి అలవాటు పడినంత సులభంగా ఒంటి శ్రుతికి అలవాటు పడదు. అంతకన్నా బాధాకరం, నిముషానికొకసారి హెచ్చి తగ్గే రొద. దీనికి విరుగుడు ఉంది. ఫాను వేగాన్ని ప్రాసెసరు ఉష్ణోగ్రతకు గాక నీటి ఉష్ణోగ్రతకు ముడివేయాలి. గొట్టాలలో పావులీటరు నీరు ఉన్నదనుకున్నా, 250 వాట్ల వేడి దానిని ఒక్క డిగ్రీ పెంచడానికి నాలుగు సెకన్లు పడుతుంది. క్షణకాలపు ఉద్రేకాలను నీరు తనలోనే దాచుకుంటుంది, ఫాను ఉలిక్కిపడనక్కరలేదు. నీటి ఉష్ణోగ్రత తెలిపే సాధనం లేకుంటే, ఫాను వేగం మారడానికి కొన్ని సెకన్ల వ్యవధి ఉండేటట్లు అమర్చుకోవాలి.

చివరగా గృహిణులూ గృహస్థులూ ఇద్దరూ గమనించవలసిన మాట. ఇక్కడి ఇళ్ళలో వంటిల్లు, హాలు కలిసే ఉంటాయి. తాలింపు పొగలోని నూనె తుంపర, అగరొత్తుల పొగ, తివాచీ ధూళి కలిసి రేకుల మీద జిగట పొరగా పేరుకుంటాయి. జల్లెడ కన్నాలు పూడిపోతే ఎంతటి ఫానైనా నిష్ప్రయోజనమే. మూడు నెలలకొకసారి కంప్యూటరును ఆపి, ఫాను రెక్కను వ్రేలితో కదలకుండా పట్టుకొని, ధూళిని ఊదివేయండి. ఇక ఏ ఫానూ నీటిని గది ఉష్ణోగ్రత కంటే క్రిందికి దింపలేదు. రేడియేటరు వదిలిన వేడి ఆ గదిలోనే మిగులుతుంది. వేసవిలో ఆ తలుపును కాస్త తెరిచి ఉంచాలి.

కాబట్టి కొనబోయేముందు వరుస ఇది: మొదట రేడియేటరు వైశాల్యం, పిమ్మట రేకుల దట్టం, దానికి తగిన పీడనం, ఆ పైన ధ్వని, అన్నిటికీ చివర రంగురంగుల దీపాలు. పిల్లలు ఈ వరుసను తలక్రిందులుగా చదువుతారు. వారికి కోపగించక కాగితం, పెన్సిలు ఇచ్చి పై లెక్క చేయించండి. ఏడవ తరగతి గుణకారం, భాగహారం చాలు. ఆ లెక్క సరిగా చేసిన ఇంట్లో కంప్యూటరు రాత్రంతా పనిచేస్తుంది, ప్రక్క మంచం మీద పెద్దవారు నిద్రపోగలుగుతారు.