కూలిన బ్యాంకినుండి పన్నులేని పొదుపును తరలించుట

ధనమును కూడబెట్టుట యొక యెత్తు. కూడబెట్టిన దానిని చెదరకుండ ఒకచోటినుండి మరియొక చోటికి చేర్చుట మరియొక యెత్తు. బ్యాంకి కూలినప్పుడు అసలు దక్కునా, దక్కదా యని యెల్లరును విచారింతురు. ఆ సొమ్మునకు ప్రభుత్వమువా రొసగిన పన్ను మినహాయింపు గూడ దక్కునా యని విచారించువారు అరుదు. 2008 సంవత్సరము అక్టోబరు మాసమున ఇంగ్లండు దేశములో ఈ రెండవ ప్రశ్న యెందరో చిన్న పొదుపరుల యెదుట నిలిచెను. ఆ వృత్తాంతము మన సంఘ సభ్యులు తెలిసికొనదగినది. చదువునకును ఉద్యోగమునకును ఆ దేశమునకు పోయిన బిడ్డలు గల వారికి ఇది యింటి విషయమే. తక్కినవారికి గూడ ఇందు పనికివచ్చు సంగతులు కలవు.

ఆ దేశమున 1999 ఏప్రిలు 6వ తేదీనుండి "ఇండివిడ్యుయల్ సేవింగ్సు అకౌంటు" అను నొక పొదుపు ఖాతా అమలులో నున్నది. జనులు దానిని క్లుప్తముగా ఐసా యందురు. ఇందు నగదు దాచుకొను రకమును, కంపెనీల వాటాలలో పెట్టుకొను రకమును కలవు. మన కిచట కావలసినది నగదు ఐసా. 2008 నాటి పద్ధతి ననుసరించి, మామూలు ఖాతా మీది వడ్డీలో నూటికి 20 వంతున పన్నును బ్యాంకివారే కోసికొని మిగిలినది జమకట్టుచుండిరి. ఆదాయ మధికముగా గలవారు మొత్తముమీద నూటికి 40 వంతున చెల్లించుకొనవలసి యుండెను. ఐసాలోని వడ్డీకి ఈ కోత లేదు. అయితే ప్రభుత్వమువారు దీనికి ఏటికింత యని హద్దు పెట్టిరి. 2008 ఏప్రిలు వరకు నగదు ఐసాలో ఏటికి 3,000 పౌనులును, ఆ తరువాత 3,600 పౌనులును మించి వేయరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన నియమ మింకొకటి యుండెను. ఒకమారు చేతికి తీసికొన్న సొమ్మును మరల ఐసాలో వేయబోయినచో అది క్రొత్తగా వేసిన సొమ్ముగానే లెక్కకు వచ్చును. ఆ యేటి హద్దు నిండియున్నచో వేయుటకు వీలే లేదు. 2016 ఏప్రిలునుండి కొన్ని బ్యాంకుల ఖాతాలకు ఈ విషయమున సడలింపు వచ్చినది గాని 2008లో అట్టిది లేదు.

ఈ మినహాయింపు స్వభావమును మనవారు సులభముగా గ్రహింపగలరు. పూర్వ మినాము భూములకు శిస్తు లేకుండుట పెద్ద లెరుగుదురు. ఆ శిస్తు మినహాయింపు భూమికి గాని అందు పండిన ధాన్యమునకు గాదు. ఇనాము పొలములో పండిన విత్తనములు తెచ్చి జిరాయితీ పొలములో చల్లినంత మాత్రమున ఆ పొలమునకు శిస్తు తప్పునా? ఐసాయు నట్టిదే. మినహాయింపు ఖాతాను పట్టుకొని యుండును. ఖాతానుండి వెడలి చేతిలోనికి వచ్చిన పౌనుకు ఆ గుణము లేదు.

కనుక బ్యాంకి మార్చుకొనదలచినవాడు సొమ్ము తీసికొని పోరాదు. క్రొత్త బ్యాంకికి పోయి అచట ఐసా తెరచుటకును, పాత ఐసాను తెప్పించుటకును అర్జీ నింపి యీయవలెను. క్రొత్త బ్యాంకివారు పాత బ్యాంకికి వ్రాయుదురు. పాత బ్యాంకివారు సొమ్ముతోబాటు ఖాతా వివరములను గూడ పంపుదురు. సొమ్ము ఖాతాదారుని చేయి తాకకయే యొక ఖాతానుండి మరియొక ఖాతాకు పోవును. ఎన్ని యేండ్ల పొదుపైనను ఆ యేటి హద్దులో లెక్కకు రాదు.

లెక్క వేసి చూతము. 1999 మొదలు తొమ్మిదేండ్లు ఏటికి 3,000 చొప్పునను, పదియవ యేట 3,600ను వేసిన కుటుంబీకునికి వడ్డీ గాక 30,600 పౌనులు చేరియుండును. అతడు తొందరపడి అది యంతయు చేతికి తీసికొనెనా, ఏటికి 3,600 చొప్పున మరల ఐసాలోనికి చేర్చుటకు ఎనిమిదేండ్లకు పైగా పట్టును. ఇంతలో నూటికి 6 చొప్పున వడ్డీ యనుకొన్నను, ఏటికి వచ్చు 1,836 పౌనులలో మొదటి సంవత్సరమే 367 పౌనులు పన్నుక్రింద పోవును. అసలు పైసకూడ పోని నష్ట మిది.

ఈ నష్టము మొదట 2007 సెప్టెంబరులో కనబడెను. నార్దరన్ రాక్ అను బ్యాంకి ప్రభుత్వ కేంద్ర బ్యాంకి సహాయము కోరినదని తెలియగానే, ఆ నెల 14వ తేదీనుండి ఖాతాదారులు తలుపులయొద్ద బారులు తీరి సొమ్ము తీసికొనిరి. వారిని తెలివిమాలినవారని పత్రికలలో కొందరు వ్రాసిరి గాని, అది న్యాయము కాదు. అప్పటి నియమము ప్రకారము బ్యాంకి కూలినచో మొదటి 2,000 పౌనులకు మాత్రమే పూర్తి పరిహారము. తరువాతి 33,000 పౌనులకు నూటికి 90 వంతు. పదవ వంతు పోవునని తెలిసినవాడు ఇంట కూర్చుండునా? 17వ తేదీన ప్రభుత్వము హామీ యిచ్చిన పిమ్మట గాని బారులు తరుగలేదు. ఐసా సొమ్ము చేతికి తీసికొన్నవా రపుడు తమ మినహాయింపు పోయినదని గ్రహించిరి. ప్రభుత్వమువారు కనికరించి, ఆ కలవరపు దినములలో తీసినవారు మరల ఐసాలో వేసికొనవచ్చునని ప్రత్యేకముగా అనుమతించిరి. అది దయచే కలిగిన వెసులుబాటే గాని హక్కు కాదు.

మరుసటి యేట వచ్చినది పెద్ద గాలివాన. ఐసులాండు అను ఉత్తర సముద్రపు ద్వీపదేశమున జనసంఖ్య ఆనాడు మూడు లక్షలకు కొంచె మెక్కువ. ఆ దేశపు మూడు పెద్ద బ్యాంకుల ఆస్తుల లెక్క దేశపు వార్షికోత్పత్తికి తొమ్మిది పది రెట్లు పెరిగియుండెను. వానిలో లాండ్స్‌బాంకి యనునది 2006 అక్టోబరులో ఇంగ్లండునందు "ఐస్‌సేవ్" అను పేరుతో డిపాజిట్లు స్వీకరింప మొదలిడెను. నూటికి 6 దాటిన వడ్డీ యిచ్చుటచే సుమారు మూడు లక్షలమంది సొమ్ము వేసిరి. అనగా ఆ దేశ జనాభా యెంతయో ఇంగ్లండులో ఆ బ్యాంకి ఖాతాదారులును ఇంచుమించుగా అంతమంది. చేరిన సొమ్ము 450 కోట్ల పౌనుల ప్రాంతము. ఐస్‌సేవ్‌వారు నగదు ఐసాలను గూడ తెరచిరి. (పేర్లు దగ్గరగా నున్నవి గాని, ఐసా ప్రభుత్వపు పథకము, ఐస్‌సేవ్ బ్యాంకి దుకాణపు పేరు.) 2008 అక్టోబరు 7వ తేదీన ఐసులాండు ప్రభుత్వాధికారులు లాండ్స్‌బాంకిని స్వాధీనపరచుకొనిరి. ఖాతాదారులు తమ ఖాతాలను చూచుకొనుటకు గూడ వీలులేక పోయెను.

మరునాడు, అనగా 8వ తేదీన, ఐసులాండు బ్యాంకులలో సొమ్ము వేసిన ఇంగ్లండువారందరు నొకే గతి పొందలేదు. ఇది మనవారు నిలిచి చూడవలసిన చోటు.

కాప్‌థింగ్ ఎడ్జ్ అను పేర సొమ్ము వేసినవారును, హెరిటబుల్ బ్యాంకిలో వేసినవారును అదృష్టవంతులు. వీని యజమానులు ఐసులాండువారే యైనను, బ్యాంకులు మాత్రము ఇంగ్లండు చట్టము క్రింద నమోదైన ప్రత్యేక కంపెనీలు. ఆ దేశ ప్రభుత్వము వాని డిపాజిట్లను ఐ.ఎన్.జి. డైరెక్టు అను డచ్చి బ్యాంకికి ఒక్కనాటిలో బదలాయించెను. ఖాతాదారులు అర్జీ పెట్టకయే క్రొత్త బ్యాంకివారైరి. (ఆ నెల 19వ తేదీన ఆ డచ్చి బ్యాంకి మాతృసంస్థయే తన ప్రభుత్వమునుండి 1,000 కోట్ల యూరోల సహాయము పొందవలసి వచ్చినది. ఆశ్రయ మిచ్చినవానికే ఆశ్రయము కావలసి వచ్చిన దినము లవి.)

ఐస్‌సేవ్ సంగతి వేరు. అది ప్రత్యేక కంపెనీ కాదు, ఐసులాండు బ్యాంకి యొక్క శాఖ మాత్రమే. చట్టప్రకారము మొదటి పూచీ ఐసులాండు దేశపు డిపాజిటు నిధిది. డిపాజిటుదారు డొక్కొక్కనికి 20,887 యూరోల వరకు అది చెల్లించి, పై మొత్తమును ఇంగ్లండు పరిహార సంస్థ తన హద్దువరకు చెల్లింపవలెను. ఐసులాండు నిధిలో నున్న సొమ్ము ఆ భారమునకు బొత్తిగా చాలదు. అట్టి స్థితిలో ఇంగ్లండు ఆర్థిక మంత్రి ఆలిస్టర్ డార్లింగుగారు 8వ తేదీన, వ్యక్తుల డిపాజిట్లకు హద్దు లేకుండ పూర్తి మొత్తము చెల్లింతుమని ప్రకటించిరి.

ఆ మాట వ్యక్తులకే గాని సంస్థలకు వర్తింపలేదు. వందకు పైగా స్థానిక ప్రభుత్వ సంస్థలు, కొన్ని ధర్మసంస్థలు ఐసులాండు బ్యాంకులలో తమ నిధులుంచి యుండెను. కెంటు కౌంటీ సభ యొక్కదానివే 5 కోట్ల పౌనులు. వారు దివాలా ఆస్తుల పంపకమునకై యేండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెను. గెర్న్‌సీ ద్వీపమున లాండ్స్‌బాంకి కంపెనీలో వేసినవారికి అప్పటి కచట పరిహార నిధియే లేదు.

ఇక ఐస్‌సేవ్‌లో ఐసా గలవారి చిక్కు. అసలు వచ్చునని మంత్రిగారు చెప్పిరి, బాగున్నది. కాని వచ్చునది ఖాతాగా గాదు, పరిహారపు సొమ్ముగా చేతికి వచ్చును. ఖాతానుండి ఖాతాకు పంపవలసిన పాత బ్యాంకి చచ్చి పడియున్నది. ఇనాము పొలము ఏటిలో కొట్టుకొనిపోయి, దాని వెల మాత్రము చేతికి వచ్చినట్లైనది. ఆ సొమ్ముతో క్రొత్త ఐసా తెరువబోయినచో ఏటికి 3,600 హద్దు అడ్డుతగులును. అందుచే ప్రభుత్వమువారు నియమములను సవరించి, పరిహారముగా వచ్చిన ఐసా సొమ్మును గడువులోపల మరియొక బ్యాంకి ఐసాలో చేర్చినచో అది ఆ యేటి హద్దులో లెక్కింపబడదని యేర్పరచిరి. అట్లు చేయుటకు ఖాతాదారుడు తానే కదలవలెను. పరిహారము వచ్చినదిగదా యని మామూలు ఖాతాలో నుంచి గడువు దాటనిచ్చినవానికి మినహాయింపు పోయినట్లే.

ఈ సొమ్మును గూర్చి దేశముల నడుమ జరిగిన వ్యాజ్యము దీర్ఘమైనది. ఐసులాండు ప్రజలు 2010లో నొకమారు, 2011లో నొకమారు ఓటు వేసి, అప్పు తీర్చు ఒప్పందములను త్రోసిపుచ్చిరి. 2013 జనవరిలో ఎఫ్తా న్యాయస్థానము ఐసులాండు పక్షమున తీర్పు చెప్పెను. తుదకు కూలిన బ్యాంకి ఆస్తుల నమ్మగా వచ్చిన ధనముతోనే 2016 నాటికి ఇంగ్లండు ప్రభుత్వపు బాకీ తీరెను.

మన ప్రాంతమున కిట్టివి క్రొత్త గావు. సికిందరాబాదు ముఖ్యస్థానముగా గల గ్లోబల్ ట్రస్టు బ్యాంకిపై 2004 జులై 24వ తేదీన మారటోరియము విధింపబడెను. ఒక్కొక్కరికి 10,000 రూపాయలు మించి యిచ్చుట కాపివేసిరి. ఆగస్టు 14వ తేదీన దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిపివేయగా డిపాజిట్లు యథాతథముగా అచటికి మారెను; వాటాదారులకు మాత్రము చిల్లిగవ్వ దక్కలేదు. కాప్‌థింగ్ ఖాతాదారుల గతి వంటిదే యిది.

అట్లు కలుపుకొను బ్యాంకి దొరకనిచో డిపాజిటు ఇన్స్యూరెన్సు కార్పొరేషనే శరణ్యము. ఆ భీమా 1962 జనవరి 1వ తేదీన ఖాతాదారున కొక్కనికి 1,500 రూపాయలతో మొదలై, 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి వడ్డీతో గూడ 5 లక్షలకు పెరిగినది. మన జిల్లా సహకార సెంట్రల్ బ్యాంకులకును, పట్టణ సహకార బ్యాంకులకును ఇది వర్తించును. గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు వర్తింపదు. ఈ మాట మన పత్రికలోనే వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. సంఘములో డిపాజిటు వేయు సభ్యునికి పూచీ కార్పొరేషను గాదు. బకాయిలు వసూలగుట, లెక్కల తనిఖీ సరిగా జరుగుట, మహాజనసభకు తాను వచ్చి ఆస్తి అప్పుల పట్టీని చదివించుట, ఇవియే. ఐస్‌సేవ్ ఖాతాదారులలో అది శాఖయా, ప్రత్యేక కంపెనీయా యని ముందుగా అడిగినవా రెందరుందురు? మన సభ్యుడును సొమ్ము కట్టునపుడే, ఇది సంఘపు ఖాతాయా, సెంట్రల్ బ్యాంకి ఖాతాయా యని రసీదు చూచి తెలిసికొనవలెను.

మన దేశమున ఐసాకు దగ్గరి చుట్టము పబ్లిక్ ప్రావిడెంటు ఫండు. 1968లో మొదలైన ఈ పదునైదేండ్ల ఖాతా వడ్డీకి ఆదాయపు పన్ను లేదు. వ్యవసాయాదాయమునకు ఎట్లును ఆదాయపు పన్ను లేదుగదా యని రైతులు దీనిని పట్టించుకొనకుందురు. కాని బ్యాంకి డిపాజిటు మీది వడ్డీ వ్యవసాయాదాయము కాదు. ఈ ఫండునకు బ్యాంకి వట్టి వసూలుదారే, సొమ్ము కేంద్ర ప్రభుత్వమునకు జమయగును. కనుక బ్యాంకి కూలినను పూచీ ప్రభుత్వముదే. అయినను బ్యాంకిపై నమ్మకము చెడి ఖాతాను మార్చుకొనదలచినచో ఐసాకు చెప్పిన నియమమే యిచటను. మూసి మరల తెరచినచో పదునైదేండ్ల లెక్క మొదటికి వచ్చును, ఏటికి 1,50,000 రూపాయల హద్దు అడ్డు వచ్చును. పాసుపుస్తకముతో ఇప్పటి బ్యాంకికి పోయి, చేరదలచిన పోస్టాఫీసు లేక బ్యాంకి శాఖ పేరు వ్రాసి బదిలీకి అర్జీ యీయవలెను. వారు ఖాతా నకలును, మొదటి దరఖాస్తును, నామినేషను కాగితమును, సంతకపు నమూనాను, నిలువ సొమ్మునకు చెక్కును గాని డ్రాఫ్టును గాని క్రొత్త చోటికి పంపుదురు. పాత పాసుపుస్తకమునకు నకలు తీసి యుంచుకొని, క్రొత్త పుస్తక మిచ్చునాడు అందు ఖాతా మొదట తెరచిన తేదీయే పడినదో లేదో కిటికీ వదలకముందే చూచుకొనవలెను.