రోగశేషము

ఋణమునందును, అగ్నియందును, రోగమునందును శేషము మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుదురు. మూత్రపిండపు మార్పిడి చేయించుకొనినవారి విషయమున నీ మాట అక్షరాల నిజమగుచున్నది. క్రొత్త మూత్రపిండము పనిచేయ నారంభించినంతనే రోగికి పునర్జన్మ కలిగినదని బంధువులు సంతసింతురు. ఆ సంతసము న్యాయమే. కాని అమర్చిన మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే మరణించువారిలో హృద్రోగమునకు బలియగువారు పెక్కుమంది గలరు. ఇట్లేల జరుగుచున్నదో ప్రతి గృహస్థుడును తెలిసికొనదగియున్నది.

1954లో అమెరికాయందలి బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు, ఏకరూపులగు కవలలలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి కృతార్థుడయ్యెను. ఆయనకు 1990లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలయం దీ చికిత్స సఫలమైనది. నేడు తెలుగునాటి నగరములలోను జరుగుచున్నది. శస్త్రవైద్యుని చేయి గెలిచినది. గెలువవలసినది హృదయ మింకొకటి మిగిలియున్నది.

చెడిన మూత్రపిండము భాస్వరమును వెలికి పంపజాలదు. అది రక్తమున పెరిగినకొలది కంఠమునందలి పారాథైరాయిడ్ గ్రంథులు రెచ్చిపోయి యెముకలనుండి సున్నమును రక్తములోనికి లాగును. నీటిగొట్టమున ఉప్పు పేరుకొనినట్లే ధమనులలో నీ సున్నము పేరుకొనునని చాలకాలము తలంచిరి. నిజ మంతకన్న విచిత్రము. ధమనిగోడయందలి కండరకణములే స్వభావమును మార్చుకొని, యెముకను నిర్మించు కణములవలె ప్రవర్తింపసాగును. ఉండవలసినచోట యెముక క్షీణించుచుండగా, ఉండరానిచోట యెముక పుట్టుచున్నదన్నమాట! హృదయమునకు రక్తము నందించు ధమనులు బిరుసెక్కును. గుండె శ్రమ హెచ్చును.

చిన్ననాటనే మూత్రపిండములు చెడి డయాలిసిస్‌పై జీవించువారిని లాస్ ఏంజిలిస్ వైద్యులు పరీక్షించి 2000లో ఫలితములను ప్రకటించిరి. ఇరువదియేండ్లలోపువారు 23 మందిలో నొక్కరికిని హృదయధమనులలో సున్నము కానరాలేదు. 20 మొదలు 30 ఏండ్లవరకు గలవారు 16 మందిలో 14 మందికి కనబడినది. వార్ధక్యమున రావలసిన జాడ్యము యౌవనముననే వచ్చుట యెంత దారుణము!

మార్పిడి జరిగినపిమ్మట భాస్వరము తగ్గును. సున్నము పేరుకొను వేగమును పలువురియందు మందగించును. కాని యదివరకు చేరిన సున్నము కరగిపోవుట అరుదు. పెరిగిన గ్రంథులు వెంటనే యణగవు. పైగా క్రొత్త అవయవమును శరీరము తిరస్కరింపకుండ నిచ్చు మందులలో స్టిరాయిడ్లు, టాక్రోలిమస్ మధుమేహమును కలిగింపవచ్చును. సైక్లోస్పోరిన్ రక్తపుపోటును హెచ్చింపవచ్చును. అట్లని వానిని మానరాదు. మానిన మూత్రపిండమే పోవును.

2003లో వెలువడిన యొక పరిశోధనలో మార్పిడి పొందిన 2,102 మందిలో సగముమందికి కొవ్వును తగ్గించు ఫ్లూవాస్టాటిన్ ఇచ్చిరి. ప్రధానముగ నుద్దేశించిన ఫలితము నిశ్చయముగ సిద్ధింపకున్నను, గుండెపోటులును హృద్రోగమరణములును తగ్గినట్లు కనబడినది. నిరాశకు తావులేదు గాని సులభోపాయమును లేదని దీనివలన గ్రహింపవలెను.

కర్తవ్యమేమి? డయాలిసిస్ కాలము పెరిగినకొలది సున్నము పెరుగును గనుక, దాత లభించి, వైద్యుడు తగునన్నప్పుడు మార్పిడికి నిష్కారణముగ జాగుచేయరాదు. శస్త్రచికిత్సకు ముందే గుండెను పరీక్షింపవలెను. ధమనులలోని సున్నమును సి.టి. యంత్రముచే అంకెలలో గణించు పద్ధతి 1990లోనే యేర్పడినది. సున్న వచ్చిన మేలు, 400 దాటిన హెచ్చుప్రమాదము. పిమ్మట రక్తపుపోటు, చక్కెర, కొవ్వు, భాస్వరము క్రమముగ చూపించుకొనవలెను. పొగాకు పూర్తిగ విడువవలెను. సున్నపు మాత్రలు, డి విటమిను మాత్రలు వైద్యుని యనుమతిలేక మ్రింగరాదు.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండవ్యాధి యెన్ని యిండ్లను కూల్చినదో మనమెరుగుదుము. అట్టి యింట పొలమమ్మి బిడ్డ ప్రాణము నిలుపుకొనిన తండ్రికి, తరువాతి పరీక్షలకును మందులకును చేతిలో చిల్లిగవ్వ లేకపోవుట యేమి న్యాయము? ప్రభుత్వ సహాయము శస్త్రశాల గుమ్మముకడ నాగిపోరాదు. అవయవమిచ్చిన దాత త్యాగము సార్థకము కావలెనన్న, దానిని ధరించినవాని గుండెనుగూడ కాపాడవలెను. రోగశేషమును మిగిల్చిన చికిత్స సగము చికిత్సయే.