ఆయిల్ ఫిల్టరు – రబ్బరు వలయం

కారు ఇంజనులోని చమురునుండి మసిని, లోహపు రజనును వడకట్టేది ఆయిల్ ఫిల్టరు. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1923లో దీనిని రూపొందించాడు. నేడు అనేక కార్లలో ఇది మర తిప్పి బిగించే రేకు డబ్బా. చమురుతోపాటు దీనినీ మారుస్తారు.

పని చిన్నదే. కాని డబ్బా మూతిచుట్టూ ఉండే రబ్బరు వలయం విషయంలో ఏమరుపాటు పనికిరాదు. వలయం వ్యాసం 6 సెంటీమీటర్లు, చమురు పీడనం చదరపు సెంటీమీటరుకు 4 కిలోగ్రాములు అనుకుందాం. లోపలి వైశాల్యం సుమారు 28 చదరపు సెంటీమీటర్లు. అంటే డబ్బాను ఇంజనునుండి విడదీయజూచే బలం 110 కిలోగ్రాముల బరువుకు సమానం! మర ఆ బలాన్ని ఓర్చుకొంటుంది. చమురును ఆపేది మాత్రం వలయమే.

పాత డబ్బాను విప్పినప్పుడు దాని వలయం ఒక్కొక్కప్పుడు ఇంజనుకే అంటుకొని ఉండిపోతుంది. అది చూడక కొత్తది బిగిస్తే వలయాలు ఒకదానిపై ఒకటి పడతాయి. కొత్త వలయానికి డబ్బాలోని గాడి ఆధారం; పాతదానికి ప్రక్కల ఏ ఆధారమూ లేదు. పీడనం దానిని బయటికి నెట్టివేస్తే చమురు కొద్ది నిమిషాలలో కారిపోతుంది. చమురులేని బేరింగులు వేడెక్కి బిగుసుకుపోతాయి. అందుచేత ఆ తలాన్ని గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడాలి.

కొత్త వలయానికి శుభ్రమైన చమురు పూయాలి. పొడి రబ్బరు ఘర్షణవలన మెలిపడుతుంది. సరిగా అణగకముందే బిగిసినట్లు చేతికి తోస్తుంది. వలయం తలాన్ని తాకిన తరువాత చేతితో ముప్పాతిక చుట్టు తిప్పితే సాధారణంగా చాలు. మర చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు జరిగేదైతే, రబ్బరు సుమారు 1.1 మిల్లీమీటరు అణగుతుందన్నమాట. పానాతో ఇంకా బిగించడం బలప్రదర్శనే. రబ్బరు నలిగి స్థితిస్థాపకత కోల్పోతుంది.

పిదప ఇంజనును ఒక నిమిషం నెమ్మదిగా నడిపి, డబ్బాచుట్టూ చెమ్మ ఉన్నదేమో చూడాలి.