ఆట నిలిచిపోయినప్పుడు దోషమును వెదకు విధము

కంప్యూటరుపైనను సెల్‌ఫోనుపైనను ఆడెడు ఆటలు నేడు మన చొప్పదండి బాలబాలికలకు చిర్రగోనె వలెనే పరిచితములు. చిర్ర విరిగినచో విరిగిన చోటు కంటికి కనబడును. ఈ యాట నిలిచినచో కారణము కనబడదు. అందుచే పలువురు తోచిన మీటలన్నియు నొక్కి, తుదకు ఆటను తొలగించి మరల ఎక్కింతురు. పొలమున మోటరు ఆగినప్పుడు రైతు దానిని బావినుండి పైకి లాగుటతో మొదలిడడు. మొదట కరెంటును, పిదప ఫ్యూజును, ఆ పిమ్మటనే మోటరును చూచును. ఆ క్రమమునే ఆటలయందును పాటింపవలెనని విద్యార్థులకు తెలుపుట మా యుద్దేశము.

దోషము మూడు తావులలో నుండవచ్చును: యంత్రమున, ఇంటర్నెట్టు దారిలో, ఆట ప్రోగ్రామున. మొదట ఇంటర్నెట్టు అక్కరలేని ఆటనొకదానిని తెరువుడు. అదియు తడబడినచో యంత్రమును అనుమానింపవలెను. అది చక్కగా సాగినచో ఇంటర్నెట్టుతో నడచు వేరొక ఆటను చూడుడు. అది తడబడినచో దారియందును, తడబడనిచో మొదటి ఆటయందును దోషమున్నదని తలపవచ్చును.

యంత్రబాధలలో మన ప్రాంతమున ముఖ్యమైనది వేడిమి. మే మాసమున కరీంనగరు జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటును. మిక్కిలి వేడెక్కిన చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అందుచే ఆట కొంతసేపు బాగుగా నడచి, పిదప నత్తనడక సాగించును. దీనికి మందు క్రొత్త ఫోను కాదు. ఛార్జింగు తీసి, తొడుగు విప్పి, నీడలో చల్లారనిచ్చుటయే.

ర్యాము వేరు, స్టోరేజి వేరు. ర్యాము వ్రాతబల్ల వంటిది. స్టోరేజి బీరువా వంటిది. ఫోటోలు తుడిచివేసినచో బీరువాలో చోటు కలుగును గాని బల్ల ఖాళీ కాదు. బల్ల ఖాళీ కావలెనన్నచో తెరచియున్న ఇతర యాపులను మూయవలెను.

ఒకసారి ఒక మార్పే చేయవలెను. నాలుగు మార్పులు ఒకేసారి చేసినచో, ఆట బాగుపడినను ఏది మేలు చేసెనో తెలియదు. చేసినదానిని వ్రాసికొనవలెను. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్-2 యంత్రపు రిలేలో ఒక రెక్కలపురుగు చిక్కగా, దానిని నడుపువారు ఆ పురుగును తీసి దినచర్యపుస్తకమున అంటించి, వివరము వ్రాసియుంచిరి. ఆ పుస్తకము నేటికిని స్మిత్సోనియన్ సంస్థ మ్యూజియమున భద్రముగా నున్నది.

కొన్ని దోషములను ఆడువారు దిద్దజాలరు. 1980లో జపానున వెలువడిన ప్యాక్‌మ్యాన్ ఆటలో మెట్టుల లెక్కకు ఎనిమిది బిట్ల చోటు మాత్రమే యుంచిరి. అందు 255 కంటె పెద్ద సంఖ్య పట్టదు గావున 256వ మెట్టున తెర సగము చెదరిపోవును. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు ‘జ్ఞా’ అక్షరపు కూర్పొకటి కనబడినంతనే ఐఫోనులలో యాపులు కూలిపోయెను. ఆ నెల 19న ఆపిల్ కంపెనీ దిద్దుబాటును విడుదల చేసెను. ఇట్టి చోట్ల తయారుచేసినవారికి తెలిపి, అప్‌డేటునకై వేచియుండుటయే తగును.

ఆటను తొలగింపక తప్పనిచో, సాధించిన మెట్లు ఖాతాలో భద్రపడినవో లేవో ముందుగా చూడవలెను. అవి ఫోనునందే యున్నచో తొలగింపుతో పోవచ్చును.

తుదకొక హెచ్చరిక. మన గ్రామములలో పెక్కు ఇండ్లకు ఫోను ఒక్కటియే. గల్ఫుననున్న తండ్రి పలుకును, ఆయన పంపిన సొమ్ము వార్తయు దానియందే వచ్చును. ఆటను బాగుచేసెదనని అపరిచితుడు పంపిన ఫైలును ఎక్కించినచో, అడిగిన ఓటీపీ చెప్పినచో, పోవునది ఆట కాదు; ఇంటిల్లిపాది కూడు. అట్లు జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి తెలుపవలెను. పిల్లలు భయపడి దాచరాదు. పెద్దలు కోపించి కొట్టరాదు. దాచిన ప్రతి గంటయు దొంగకే లాభము.