పురస్కారాల గళ్లలో ఇమడని కల్కి

పుదుచ్చేరి అమ్మాయికి నాటకం, సినిమా రెండూ పట్టం కట్టాయి. స్వదేశంలో 'ఉత్తమ నటి' అన్న పెద్ద బిరుదు మాత్రం పక్కనుంచే వెళ్లిపోయింది

సముద్రం ఒడ్డున ఉన్న వైట్ టౌన్‌లో వీధుల పేర్లు ఇప్పటికీ ఫ్రెంచివే. ర్యూ సఫ్రెన్, ర్యూ ద్యుమా... ఒకప్పుడు ఇది తెల్లవాళ్ల పేట. కాలువకు అవతల తమిళుల ఇళ్లు. అరవిందాశ్రమం కూడా ఈ పేటలోనే ఉంది. అరవిందుల బోధనలకు ఆకర్షితులై ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఓ జంటకు 1984లో పుదుచ్చేరిలో పుట్టిన కూతురే కల్కి కొచ్లిన్. దగ్గర్లోని ఆరోవిల్‌లో తమిళం మాట్లాడుతూ పెరిగిన ఆమెకు ముంబై సినిమా రంగంలో ఎదురైన మొదటి సమస్య ఒంటి రంగే. తెల్లగా ఉన్న అమ్మాయికి హిందీ సినిమాలో దొరికే వేషాలు తక్కువ.

లండన్ గోల్డ్‌స్మిత్స్‌లో నాటకం చదివి వచ్చిన కల్కికి 2009లో అనురాగ్ కశ్యప్ 'దేవ్ డి' తలుపు తెరిచింది. మన 'దేవదాసు'లో చంద్రముఖి పాత్రకు అది కొత్త రూపం. ఆ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయ నటి పురస్కారం దక్కింది. అదే 2009లో ప్రశాంత్ ప్రకాశ్‌తో కలిసి రాసిన 'స్కెలిటన్ ఉమన్' నాటకానికి 'ది హిందూ' మెట్రోప్లస్ నాటక రచన పురస్కారం లభించింది. అంటే సినిమా ఆమెను సహాయ నటిగా గుర్తించిన రోజుల్లోనే రంగస్థలం రచయిత్రిగా గుర్తించింది.

అసలు పరీక్ష షొనాలీ బోస్ తీసిన 'మార్గరీటా విత్ ఎ స్ట్రా'. అందులో కల్కిది సెరిబ్రల్ పాల్సీతో చక్రాల కుర్చీలో తిరిగే లైలా పాత్ర. దర్శకురాలి బంధువు మాలినీ చిబ్ జీవితం ఆ కథకు స్ఫూర్తి. 2014లో ఎస్తోనియాలోని టాలిన్ చిత్రోత్సవం కల్కిని ఉత్తమ నటిగా ఎంపిక చేసింది. భారత్‌లో చిత్రం 2015లో విడుదలైంది.

2016లో ప్రకటించిన 63వ జాతీయ పురస్కారాలు తెలుగువారికి బాగా గుర్తు. 'బాహుబలి' ఉత్తమ చిత్రమైంది అప్పుడే. ఉత్తమ నటి గౌరవం 'తను వెడ్స్ మను రిటర్న్స్'కు గాను కంగనా రనౌత్‌కు వెళ్లింది. కల్కికి దక్కింది ప్రత్యేక జ్యూరీ పురస్కారం. రజత కమలం ఇద్దరికీ ఉంది. నగదు మాత్రం ఉత్తమ నటికి రూ.50 వేలు, ప్రత్యేక జ్యూరీకి రూ.2 లక్షలు. డబ్బులో నాలుగు రెట్లు ఎక్కువే. అయినా జనం గుర్తుపెట్టుకునేది 'ఉత్తమ నటి' అన్న మాటనే.

బుల్లితెర సంగతి మరోలా ఉంది. 2016లో తండ్రితో కలిసి మోటార్‌సైకిల్‌పై ఈశాన్య రాష్ట్రాలు తిరుగుతూ 'కల్కీస్ గ్రేట్ ఎస్కేప్' చేశారు. 2019లో 'మేడిన్ హెవెన్', 'సేక్రెడ్ గేమ్స్' రెండో భాగంలో నటించారు. ఓటీటీకి ఫిల్మ్‌ఫేర్ విడిగా పురస్కారాలు మొదలుపెట్టింది 2020లోనే. గోవా చిత్రోత్సవంలో కేంద్రం వెబ్ సిరీస్‌ను సత్కరించడం 2023 నుంచి. నటులు ముందే వెళ్లిపోయారు. పురస్కారాలు తర్వాత వచ్చి చేరాయి.

తెలుగునాట నందుల్లోనూ సినిమాకు, టీవీకి, నాటకానికి వేర్వేరు పందిళ్లే ఉండేవి. విడిగా ఇవ్వడంలో తప్పు లేదు. నాటకానికి తన వాటా దక్కింది అందువల్లే. చిక్కల్లా ఒక పందిట్లో పడ్డ శ్రమ మరో పందిట్లోని జ్యూరీ లెక్కకు రాకపోవడం. స్టేజీ మీద ఒళ్లు వంచి నేర్చిన విద్యే లైలా వంకర వేళ్లలో, తడబడే మాటలో కనిపించింది. బహుమతి పత్రంలో రాసేది మాత్రం సినిమా పేరొక్కటే.

లైలా పాత్రకు జ్యూరీ మెచ్చినా అలాంటి ప్రధాన పాత్రలు వరుస కట్టలేదు. కల్కి మాత్రం వాటికోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 2015లో 'లివింగ్ రూమ్' నాటకం స్వయంగా రాసి, దర్శకత్వం వహించారు.