రికంబెంట్ సైకిలు: సీటు అమరిక

మామూలు సైకిలులో సీటు పని చాలావరకు మనిషి బరువు మోయడమే. రికంబెంట్ సైకిలు మీద మనిషి వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కుతాడు. పెడళ్లు శరీరానికి కింద కాక ముందు ఉంటాయి. ఈ తేడావల్ల సీటు పనే మారిపోతుంది.

ఎలాగో చూడండి. మామూలు సైకిలు మీద ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడలు మీద మోపుతాం. ఇక్కడ లేవడం కుదరదు. పాదం పెడలును ముందుకు నెడితే, న్యూటన్ మూడో నియమం ప్రకారం పెడలు కూడా మనల్ని అంతే బలంతో వెనక్కి నెడుతుంది. దాన్ని కాచేది సీటు వీపుభాగమే. ఆ ఆసరా ఉంటే ఒంటి బరువును మించిన బలంతో కూడా తొక్కవచ్చు. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ ఇలాంటి సైకిలు మీద గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లి, 1914 నుంచి నిలిచి ఉన్న రికార్డును దాటాడు. అయితే ఆ వేగానికి ముఖ్య కారణం గాలి నిరోధం తగ్గడం. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సమాఖ్య ఇలాంటి సైకిళ్లను పందేలనుంచి తప్పించింది.

ఇక అమరిక. గొట్టపు చట్రానికి మెష్ గుడ్డ లాగి కట్టిన సీటును తీసుకుందాం. దీని అడుగుభాగాన్ని క్లాంపుతో సైకిలు ప్రధాన గొట్టానికి బిగిస్తారు. వీపుభాగాన్ని రెండు ఊతకడ్డీలు వెనక చక్రం ఇరుసు దగ్గరినుంచి నిలబెడతాయి. తొక్కే బలమంతా చేరేది ఈ కడ్డీల బోల్టులకే. ముందు అన్ని బోల్టులనూ వేళ్లతో ఎక్కించి వదలండి. వెనక నిలబడి సీటు చక్రానికి సూటిగా ఉందో లేదో చూసి, అప్పుడు కుడి ఎడమలను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. ఒక వైపే పూర్తిగా బిగిస్తే చట్రం మెలిపడుతుంది, రెండో బోల్టు రంధ్రంలో కూర్చోదు. సుత్తితో కొట్టి కూర్చోబెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. మొదటి ఒకటి రెండు సవారీల తరువాత బిగింపు మళ్లీ చూడాలి.

మెష్ పట్టీలు లాగడం నవారు మంచం బిగించడం లాంటిదే, కాని అంతటా ఒకే బిగువు పనికిరాదు. నడుము దగ్గర గట్టిగా, భుజాల దగ్గర కాస్త వదులుగా ఉండాలి. తొడల కింద ముందు అంచు బిగుసుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కూర్చున్నప్పుడు ఒళ్లు అడ్డగొట్టానికి తగలకూడదు.

వాలు ముందు, దూరం తరువాత. వాలు మారితే నడుము స్థానం మారి, పెడలు దూరమూ మారుతుంది. కొత్తవారు వీపుభాగాన్ని కొంత నిటారుగా ఉంచుకుంటే దారి బాగా కనిపిస్తుంది. మరీ నిటారైతే బరువంతా పిరుదుల మీద పడి నొప్పి పుడుతుంది. దూరం చూసేటప్పుడు సైకిలును మరొకరు పట్టుకోవాలి. మడమను దూరంగా ఉన్న పెడలుకు ఆనిస్తే మోకాలు నిటారుగా చాచుకోవాలి. మునివేళ్ల వెనక భాగంతో తొక్కేసరికి ఆ మోకాలే కొద్దిగా వంగుతుంది. సీటు మరీ దగ్గరైతే మోకాళ్లు నొస్తాయి, మరీ దూరమైతే నడుము అటూ ఇటూ జారుతుంది. సీటును జరిపే నమూనాల్లో గొలుసు పొడవు మారదు. పెడళ్లున్న ముందు గొట్టాన్ని జరిపే నమూనాల్లో మాత్రం గొలుసునూ సరిచూసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఊతకడ్డీ బోల్టు వదులైతే, ఆ లోపం చదును దారిలో కన్నా ఎత్తు ఎక్కేటప్పుడే ముందుగా ఎందుకు బయటపడుతుంది?